రత్నపరీక్షలో నామం, గుణం, సత్యం: పరాయిబా టూర్మలీన్ ఆధారంగా ఒక నైతిక విచారణ

ఉపోద్ఘాతం

వస్తువు విలువ ఆ వస్తువులోనే ఉంటుందా, లేక దాని పేరును బట్టి, పుట్టిన చోటును బట్టి సంక్రమిస్తుందా అన్నది తత్త్వవిచారంలో పాత ప్రశ్న. రత్నపరీక్షలో ఇది నిత్యం ఎదురయ్యే ప్రశ్న. పరీక్షకుని ఒక్క మాట మీద కొనేవాని ధనం, అమ్మేవాని ప్రతిష్ఠ, గని త్రవ్వినవాని శ్రమఫలం ఆధారపడి ఉంటాయి. అందువల్ల రత్నపరీక్షకు పదార్థజ్ఞానంతో పాటు నీతివిచారమూ అవసరం. పరాయిబా టూర్మలీన్ అనే అరుదైన నీలిహరిత రత్నం గుణనిర్ణయంలో పేరు, పుట్టుక, సంస్కారం అనే మూడు అంశాల వద్ద తలెత్తే నైతిక సమస్యను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రత్నస్వరూపం, గుణాలు

టూర్మలీన్ అన్న పేరు సింహళభాషలోని ‘తోరమల్లి’ నుంచి ఐరోపా భాషలకు చేరింది. ఈ ఖనిజం అనేక వర్ణాలలో లభిస్తుంది. అయితే బ్రెజిల్ ఈశాన్యభాగంలోని పరాయిబా రాష్ట్రంలో, సావో జోసె ద బటాల్యా దగ్గరి కొండలో, హెయిటోర్ దిమాస్ బార్బోజా 1980లలో ఏళ్ల తరబడి త్రవ్వించగా ఆ దశకం చివర బయటపడిన రాళ్ల వన్నె అంతకుముందు టూర్మలీన్‌లో ఎవరూ చూసినది కాదు. నెమలికంఠం రంగును తలపించే ఆ కాంతికి కారణం రాతిలో స్వల్పంగా ఉన్న రాగి అని పరిశోధనలో తేలింది. రాగి కాంతిలోని ఎరుపు భాగాన్ని గ్రహించి నీలి, ఆకుపచ్చ భాగాలను విడిచిపెడుతుంది. మాంగనీస్ చేరిక ఊదాఛాయను కలిగిస్తుంది.

ఈ రత్నానికి విలువ కట్టేటప్పుడు వర్ణానికి అగ్రస్థానం. వర్ణంలోనూ ఛాయ ఏది, అది ఎంత ముదురు, ఎంత నిండు అన్న మూడింటినీ విడివిడిగా చూస్తారు. మరీ ముదిరితే వెలుగు అణగిపోతుంది, మరీ పలచబడితే నిండుదనం ఉండదు. తరువాతిది నైర్మల్యం. ఈ జాతిలో లోపలి పగుళ్లు, పొరలు సహజం కాబట్టి వజ్రానికి వర్తించే కాఠిన్యంతో వాటిని దోషాలుగా ఎంచరు. సానపట్టిన తీరు, తూకం ఆపైన లెక్కకు వస్తాయి. బ్రెజిల్ రాళ్లు ఎక్కువగా చిన్నవి, కాబట్టి తూకం పెరిగినకొద్దీ క్యారెట్ ధర కూడా పెరుగుతుంది. ఇంతవరకు ప్రశ్న గుణానికి సంబంధించినదే. పేరు దగ్గర చిక్కు మొదలవుతుంది.

నామం: స్థలమా, జాతియా?

2000 తరువాత నైజీరియాలోనూ, అటుపై మొజాంబిక్‌లోనూ రాగి గల టూర్మలీన్ లభించింది. మొజాంబిక్ రాళ్లలో పెద్దవి, నిర్మలమైనవి ఎక్కువ. కంటికి చూస్తే కొన్నింటిని బ్రెజిల్ రాళ్ల నుంచి వేరు చేయలేరు. వాటిని పరాయిబా అనవచ్చునా? ప్రధాన రత్నప్రయోగశాలల పరిభాషను సమన్వయపరిచే ఎల్‌.ఎం.హెచ్‌.సి. 2006లో దీనికి అనుకూలంగా నిర్ణయించింది. రాగి, మాంగనీస్ గల నీలి, నీలిహరిత, హరితవర్ణ టూర్మలీన్ ఏ దేశంలో దొరికినా, రంగు తగినంత నిండుగా ఉంటే ఆ పేరుకు అర్హమని దాని ఆశయం. స్థలనామం జాతినామమయింది.

ఇటువంటి పరిణామం తెలుగునేలకు కొత్త కాదు. గోల్కొండ కోట కింద వజ్రాల గని లేదు. కృష్ణాతీరంలోని కొల్లూరు వంటి చోట్ల దొరికిన వజ్రాలు గోల్కొండలో క్రయవిక్రయాలకు వచ్చి ఆ పేరు పొందాయి. నేడు నత్రజని దాదాపుగా లేని అతిస్వచ్ఛమైన వజ్రానికి, అది ఏ గనిదో తెలియకపోయినా, ఆ పేరును విశేషణంగా వాడడం వ్యాపారంలో కనిపిస్తుంది. కొల్లూరు కూలీల శ్రమ ఆ పేరులో వినిపించదు.

అర్థశాస్త్రంలోని కోశప్రవేశ్య రత్నపరీక్షా ప్రకరణం ఈ సందర్భంలో గమనింపదగినది. అక్కడ ముత్యాలను ముందుగా లభించే చోట్లను బట్టి పేర్కొని, ఆపై ప్రశస్తమైనవేవో, అప్రశస్తమైనవేవో ఆకారాన్ని, కాంతిని, బరువును బట్టి వేరుగా నిర్ణయించారు. ఆకరం చెప్పినంత మాత్రాన గుణం చెప్పినట్లు కాదన్న వివేకం ఆ క్రమంలో ఉంది. పరాయిబా విషయంలో ఒకే పదం రెండు పనులూ చేయవలసి రావడమే చిక్కు.

పుట్టుకకు విలువ ఉందా?

గుణం సమానమైనప్పుడు పుట్టుకను బట్టి ఎక్కువ ధర ఇవ్వడం భ్రమ అన్నది పూర్వపక్షం. కన్ను చూసేది కాంతినే కాని గనిని కాదు. ఈ వాదం బలమైనదే. అయినా కవి స్వహస్తంతో వ్రాసుకున్న ప్రతినీ, దానికి అక్షరం తప్పని నకలునూ ఎవరూ సమానంగా ఎంచరు. పాఠం ఒకటే అయినా మొదటి దానికి ఒక చరిత్రతో సంబంధం ఉంది. ఆ సంబంధం కల్పితం కాదు. బ్రెజిల్ రాయిని కోరి ఎక్కువ ధర ఇచ్చేవాడు అటువంటి సంబంధానికే విలువ ఇస్తున్నాడు. అందులో అవివేకం లేదు. నకలును స్వహస్తప్రతి అని నమ్మించినప్పుడే అన్యాయం. అదే విధంగా మొజాంబిక్ రాయి తక్కువ జాతిది కాదు. బ్రెజిల్‌దన్న భావన కలిగేటట్లు దానిని అమ్మినప్పుడు కొనేవానికే కాక, తన పేరుతో నిలబడే అవకాశం కోల్పోయిన ఆ నేలకూ అన్యాయం జరుగుతుంది.

సంస్కారం, మౌనం

మూడవది మరింత సూక్ష్మమైన సమస్య. ఈ రాళ్లలో ఎక్కువ భాగాన్ని వేడిచేస్తారు. కొన్ని వందల డిగ్రీల వేడికి మాంగనీస్ కలిగించే ఊదాఛాయ తొలగి రాగి నీలిమ తేటపడుతుంది. ఈ మార్పు స్థిరమైనది. వేడిచేసిన గుర్తులు చాలా సందర్భాలలో పరీక్షకు చిక్కవు. పగుళ్లలో నూనె, రెసిన్ నింపడం సూక్ష్మదర్శినికి సాధారణంగా దొరుకుతుంది. వేడి అలా దొరకదు. ఎవరూ కనిపెట్టలేని దానిని చెప్పవలసిన బాధ్యత ఉంటుందా?

గ్రంథపరిష్కర్త ఎదుర్కొనే ప్రశ్న ఇటువంటిదే. తాళపత్రం శిథిలమైన చోట అతడు పాఠాన్ని ఊహించి పూరిస్తాడు. ఆ పూరణ మూలం కన్న అందంగానూ ఉండవచ్చు. మూలప్రతి నశిస్తే దానిని కనిపెట్టేవారు ఉండరు. అయినా అధోజ్ఞాపికలో ఆ సంగతి చెప్పని పరిష్కర్త పూరణ ఎంత రమ్యమైనా దోషి. పూరణ దోషం కాదు, మౌనం దోషం. రత్నానికి వేడి చేయడమూ అంతే.

న్యాయశాస్త్రపరిభాషలో చెబితే, రంగునూ నైర్మల్యాన్నీ ప్రత్యక్షం నిర్ణయిస్తుంది. రాగి, గాలియం, సీసం వంటి మూలకాల పాళ్లను కొలిచి పుట్టిన దేశాన్ని అనుమానం నిర్ణయిస్తుంది. వేడి సంగతి తెలియాలంటే ఎక్కువసార్లు శబ్దమే శరణ్యం. వాత్స్యాయనుని న్యాయభాష్యం ఆప్తునికి విషయజ్ఞానంతో పాటు దానిని తెలిసినట్లుగానే తెలియజెప్పే సంకల్పాన్నీ లక్షణంగా విధించింది. మొదటి రెండు ప్రమాణాలు పనిచేసే చోట అబద్ధమాడినవాడు పట్టుబడతాడు. కాబట్టి అక్కడి సత్యంలో భయానికీ కొంత భాగం ఉంటుంది. అవి ఆగిపోయిన చోట మాట్లాడేవాని శీలం ఒక్కటే మిగులుతుంది. పరీక్షకు అందనిది కనుక చెప్పనక్కరలేదన్న వాదం ఈ కారణంగా తలక్రిందులవుతుంది. పరీక్షకు అందనిది కనుకనే చెప్పడం విధి.

ముగింపు

నామం, గుణం, పుట్టుక, సంస్కారం నాలుగు వేరువేరు నిర్ణయాలు. వాటికి వేరువేరు ప్రమాణాలున్నాయి. ఒక దాని బలంతో మరొక దానిని చెలామణి చేయడం రత్నపరీక్షలో అసత్యానికి మూలం. ఆ నాలుగింటినీ విడదీసి చెప్పి, నిర్ణయానికి ఆధారం చాలని చోట చాలలేదని వ్రాసిన పరీక్షకుని నివేదిక అసంపూర్ణంగా కనిపించవచ్చు. కాని కొనేవాడు నమ్మదగిన నివేదిక అదే. పాఠం తెలియని చోట ఖాళీని ఖాళీగానే ముద్రించిన పరిష్కర్తను పండితులు గౌరవించడానికి కారణమూ అదే.