చదివింపుల పుస్తకంలో లేని పేరు



ఈ వారం వీడియోలో లూకా సువార్త 14వ అధ్యాయం ధ్యానించాం. విశ్రాంతి దినాన ఒక పరిసయ్యుల అధికారి ఇంట్లో భోజనానికి వెళ్ళిన యేసు ప్రభువు, తనని పిలిచిన మనిషితోనే ఇబ్బంది పెట్టే మాట అన్నారు. విందు చేసేటప్పుడు స్నేహితుల్నీ బంధువుల్నీ డబ్బున్న పొరుగువాళ్ళనీ పిలవొద్దు, వాళ్ళు తిరిగి నిన్ను పిలుస్తారు, లెక్క సరిపోతుంది. బీదవాళ్ళని, నడవలేనివాళ్ళని, చూపులేనివాళ్ళని పిలువు. వాళ్ళు తిరిగి ఇవ్వలేరు కాబట్టే నువ్వు ధన్యుడివి. ఇదీ ఆ మాటల సారాంశం.

మరి బంధువుల్ని పిలవడం తప్పా? వీడియోలో ఈ ప్రశ్నకి టైమ్ సరిపోలేదు. నిజం చెప్పాలంటే, నా దగ్గర జవాబు కూడా సిద్ధంగా లేదు.

మా అక్క పెళ్ళికి చదివింపులు రాసే పని నాకిచ్చారు. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, నోట్‌బుక్ వదిలేసి ల్యాప్‌టాప్‌లో రాశాను. పేరు, ఊరు, ఎంత ఇచ్చారు, మనం వాళ్ళకి ఇదివరకు ఎంత ఇచ్చాం. అందరూ మెచ్చుకున్నారు. సాయంత్రం చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్తే, మా ఇంట్లో పన్నెండేళ్ళుగా అంట్లు తోమే ఆంటీ అక్కడ గిన్నెల పక్కన కూర్చుని తింటోంది. ఆఖరి బంతి కూడా అయిపోయింది. ఆమెని పనికి పిలిచాం గానీ పెళ్ళికి పిలవలేదు. నా ఫైల్లో ఆమెకి ఒక వరస కూడా లేదు.

ఆ రాత్రి అమ్మతో అన్నాను, "ఈ చదివింపులన్నీ వ్యాపారంలా ఉన్నాయమ్మా" అని. అమ్మ ఊరుకోలేదు. "నీకేం తెలుసురా? ఆ పుస్తకం ఉండబట్టే అక్క పెళ్ళి అప్పు లేకుండా గట్టెక్కింది. రేపు వాళ్ళింట్లో అవసరం వస్తే మనం నిలబడొద్దా?" అంది. అమ్మ చెప్పింది నిజమే. ఇచ్చిపుచ్చుకోవడంలో కూడా ప్రేమ ఉంది. కానా పెళ్ళికి ప్రభువు వెళ్ళారు. బేతనియలో స్నేహితుల ఇంట్లో భోంచేశారు. కాబట్టి ఆయన మాటని బంధుత్వాలు తెంచుకోమన్న ఆజ్ఞగా తీసుకోలేం.

నాకు జవాబు దొరికింది ద్వితీయోపదేశకాండము 16లో. వారాల పండుగకి, పర్ణశాలల పండుగకి ఎవరితో కలిసి సంతోషించాలో అక్కడ ఒక లిస్టు ఉంది. కొడుకు, కూతురు, దాసుడు, దాసి. ఆ తర్వాత లేవీయుడు, పరదేశి, తండ్రిలేని పిల్లలు, విధవరాలు. మొదటి నలుగురూ ఇంటివాళ్ళు. తర్వాతి నలుగురికీ వెనక ఆస్తిగానీ అండగానీ లేదు. 11వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషీ ఇక్కడ ఒక పాత వివరణని గుర్తుచేస్తాడు: మొదటి నలుగురూ నీవాళ్ళు, తర్వాతి నలుగురూ నావాళ్ళు, నావాళ్ళని నువ్వు సంతోషపెడితే నీవాళ్ళని నేను సంతోషపెడతాను అని దేవుడు అంటున్నాడట.

చూశారా, ఇక్కడ నీవాళ్ళని తీసేయమని లేదు. వాళ్ళతో ఆపేయొద్దని ఉంది. పైగా పనిచేసే దాసి వడ్డించడానికి కాదు, సంతోషించడానికే ఆ లిస్టులో ఉంది. అదే చోట కారణం కూడా చెప్పారు: మీరూ ఐగుప్తులో దాసులుగా ఉన్నారు, మర్చిపోకండి. అది చదివినప్పుడు నాకు గిన్నెల పక్కన కూర్చున్న ఆంటీయే గుర్తొచ్చింది.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. బీదవాళ్ళకి భోజనం పెట్టి ఫోటో స్టేటస్‌లో పెడితే, మళ్ళీ లెక్క మొదలైనట్టే. డబ్బుకి బదులు లైకులు తీసుకున్నాం, అంతే. ఆదికాండము 18లో అబ్రాహాముని చూడండి. మండుటెండలో ముగ్గురు కనబడితే పరుగెత్తుకెళ్ళి వంగి నమస్కరించాడు. మీరెవరు, ఏ ఊరు అని అడగలేదు. కొంచెం ఆహారం తెస్తానన్నాడు. తీరా చూస్తే మూడు మానికల పిండి, అంటే సుమారు 20 లీటర్లు, పైగా లేత దూడ మాంసం, వెన్న, పాలు. వాళ్ళు తింటుంటే చెట్టు కింద తను నిలబడ్డాడు. ఆతిథ్యంలో నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించేది ఈ నిలబడటమే. అన్నం పెట్టడం సులువు. మనం నిలబడి ఎదుటివాళ్ళని పెద్దచేయడం కష్టం.

కొరింథు సంఘం తప్పింది కూడా ఇక్కడే. ఉన్నవాళ్ళు ముందే తినేశారు, లేనివాళ్ళు ఆకలితో ఉండిపోయారు. అలాంటప్పుడు మీరు తినేది ప్రభువు రాత్రి భోజనమే కాదని పౌలు గట్టిగా మందలించాడు (1 కొరింథీ 11). ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకోమన్నాడు. మన చర్చిల్లో ప్రేమవిందు జరిగినప్పుడు మొదటి బంతిలో ఎవరు కూర్చుంటున్నారు? ఆఖర్న ఎవరు మిగిలిపోతున్నారు? ఒకసారి చూద్దాం.

వచ్చే నెల అక్క పాపకి మొదటి పుట్టినరోజు. పిలుపులు మొదలుపెట్టాం. ఈసారి అమ్మే ఆంటీ ఇంటికి వెళ్ళి బొట్టుపెట్టి పిలిచొచ్చింది. "పనికి ఎన్నింటికి రమ్మంటారమ్మా?" అని అడిగిందట ఆమె. ఆ మాట విని అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. గిన్నెలకి వేరే మనిషిని చూస్తున్నాం. మొదటి బంతిలో వడ్డించే పని నాది.

తిరిగి ఇవ్వలేని మనకి తన బల్ల దగ్గర చోటిచ్చిన ప్రభువు, అలాంటి మనసే మనందరికీ దయచేయును గాక. ఆమేన్.