బంగారు రేకు మాటున కంచు

విగ్రహము కన్నులకొఱకా, కైంకర్యముకొఱకా? థాయిలాండు దేశపు ప్రాచీన కంచు బుద్ధప్రతిమలను గూర్చి తలచినపుడు ఈ ప్రశ్న తప్పించుకొన వీలులేనిది.

14, 15 శతాబ్దులనాటి సుఖోదయ శిల్పులు నరశరీరమును చూచి ప్రతిమలు చేయలేదు. మహాపురుష లక్షణములను మనసున నిలిపి చేసిరి. శిరస్సుపై అగ్నిజ్వాల, చిలుకముక్కు వంటి నాసిక, ఏనుగు తొండమువలె జాలువారు బాహువు! ఆసనము వీడి, ఒక మడమ నెత్తి నడచుచున్న బుద్ధుని కంచులో నిలిపిన ఘనతయు వారిదే. పోతపద్ధతి మనకు క్రొత్తది కాదు. మైనముతో రూపు తీర్చి, మట్టి మెత్తి కాల్చి, మైనము కరగిపోయిన చోట లోహము పోయుదురు. మన స్థపతులు దీనినే మధూచ్చిష్ట విధాన మందురు. అయితే మన ఉత్సవమూర్తులు సాధారణముగ ఘనమైన పోతలు. వారి పెద్ద ప్రతిమలలో మట్టి దిమ్మె నుంచి పైన పలుచగ పోయుదురు.

ఇంత సుకుమారమైన కంచుపై భక్తులు బంగారు రేకులు అంటింతురు. తరతరములుగ అంటించినకొలది కనుబొమల రేఖ, పెదవుల యంచు మందగించును. ఫిత్సనులోక్ నగరమున (విష్ణులోకమనియే ఆ పేరున కర్థము) జినరాజు అను సుప్రసిద్ధ కంచు బుద్ధమూర్తి కలదు. 17వ శతాబ్ది తొలినాళ్ళలో ఏకాదశరథుడను అయుత్థయ రాజు దానికి బంగారము పొదిగించెను. దశరథుని, అయోధ్యను తలపించు ఆ పేర్లు మనవారికి ముచ్చట గొలుపకపోవు! 1782లో రాజ్యమునకు వచ్చిన మొదటి రాముడు ఉత్తరదేశపు పాడుపడిన ఆలయములనుండి 1200కు పైగా ప్రతిమలను బాంకాక్ చేర్చెను. వానిలో పెక్కింటికి గచ్చు మెత్తి బంగారు పూత పూయుటచే ఏది ఏనాటిదో గుర్తించుట కష్టమైనది.

శిల్పజ్ఞుల విచారము న్యాయమే. ఆ కనుబొమ దిద్దుటయు ఒక సేవయే కదా! ఒకరి సేవ మఱియొకరి సేవను కప్పివేయవచ్చునా? అయినను, రేకు లొలిచి కంచు చూపవలెనను వాదము నాకు సమ్మతము కాదు. అర్చావతారము అర్చకపరాధీనమని మన పూర్వాచార్యులు చెప్పుదురు. బౌద్ధులకు ఈ సిద్ధాంతము లేదు. రేకు అంటించుట వారికి పుణ్యకార్యము. కాని అరిగిన ముఖమును, కప్పబడిన ముఖమును చూచి వారును చేతులు జోడింతురు.

1349లో సుఖోదయ రాజైన లిథై మామిడితోపులోని దేవాలయమున మహేశ్వరుని, విష్ణువును ప్రతిష్ఠించినట్లు శాసనము కలదు. ఆ కాలపు కంచు విష్ణుమూర్తులు నేడు బాంకాక్ జాతీయ ప్రదర్శనశాలలో ఉన్నవి. కిరీటమున ప్రతి రేఖయు స్పష్టము. రేకు లేదు, పూలు లేవు, తులసీదళ మొక్కటియు లేదు.