పిట్టగోడ ఎవరు కట్టవలెను?

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 21:1-9, 22:8, లూకా 13:1-5



ఈ నెల ధ్యానమునకు ద్వితీయోపదేశకాండములో దగ్గర దగ్గరగా ఉన్న రెండు చిన్న భాగములను తీసికొనుచున్నాము. ఒకటి డాబా మీది పిట్టగోడను గూర్చినది. రెండవది పొలములో దొరికిన శవమును గూర్చినది. ఆదివారపు ప్రసంగములలో వీటిని మనము సాధారణముగా దాటిపోవుదుము. అయితే ఈ రెండింటిని కలిపి చదివినప్పుడు, దేవుడు మన బెంగళూరు నగరమును గూర్చియే మాటలాడుచున్నాడని మాకు తోచినది.

2024 అక్టోబరు 22న, జోరువానలో, మన నగరమందలి బాబుసాపాళ్యలో కట్టుబడిలోనున్న భవనమొకటి కుప్పకూలినది. తొమ్మిదిమంది మరణించారు. బీహారు వంటి దూరప్రాంతముల నుండి పొట్టకూటికై వచ్చిన కూలీలు వారిలో ఉన్నారు. అనుమతికి మించి అంతస్తులు లేపారనియు, ముందుగానే నోటీసులు ఇచ్చామనియు అధికారులే చెప్పారు. కట్టినవారి వైపు కొందరిని పోలీసులు అరెస్టు చేశారు. ఒక ఇంజనీరును సస్పెండు చేశారు. కొన్ని దినములు పత్రికలలో వ్రాశారు. తరువాత అందరము మన పనులలో పడిపోయాము.

ఇది మొదటిది కాదు. మన సంఘములలోని పెద్దవారికి 1983 సెప్టెంబరు 12 జ్ఞాపకముండును. ఆ దినమున కపాలి థియేటరు దగ్గర కట్టుచున్న గంగారాం భవనము కూలి నూరుమందికి పైగా చనిపోయారు. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో పదకొండు అంతస్తుల భవనము కూలి 61 మంది మరణించినప్పుడు, వారిలో అనేకులు శ్రీకాకుళము, విజయనగరము వైపు నుండి వెళ్లిన మన తెలుగువారే. ఇటుకలు మోసినవారు, సెంట్రింగు కట్టినవారు, ఆ శ్లాబు క్రిందనే అన్నము వండుకొని పండుకొన్నవారు. మన ముందు తరమువారు ఈ నగరమునకు వచ్చినప్పుడు చాలమంది చేసినది ఈ పనియే కదా! నేడు మనకు సొంత ఇండ్లున్నవి. కాని అనంతపురము నుండి, కర్నూలు నుండి, పాలమూరు నుండి బస్సు దిగుచున్న కూలివాడు ఇంకను దిగుచునే ఉన్నాడు.

మొదట, ప్రభువు అడిగిన ప్రశ్నను ఆలోచింతము. సిలోయములో గోపురము పడి పదునెనిమిదిమంది చనిపోయారు. యెరూషలేములోని తక్కినవారికంటె వారు ఎక్కువ అపరాధులని తలంచుచున్నారా అని యేసు అడిగాడు. కాదని ఆయనే జవాబు చెప్పాడు. ఆ వెంటనే చనిపోయినవారిని విడిచి, వినుచున్నవారి వైపు తిరిగి, మీరు మారుమనస్సు పొందుడని హెచ్చరించాడు. మన అలవాటు దీనికి వ్యతిరేకముగా ఉన్నది. "వారి గడియ వచ్చినది", "దైవ నిర్ణయము", "అలాటి చోట ఎందుకు పండుకొన్నారు?" అని మనము చనిపోయినవారి వైపు చూచి మాటలాడుదుము. వాన దేవుడు పంపినదే. కాని పిల్లరులో తగ్గించిన కమ్మీని దేవుడు తగ్గించలేదు.

ఇక పిట్టగోడ సంగతి. క్రొత్త ఇల్లు కట్టువాడు దాని పైకప్పు చుట్టు పిట్టగోడ కట్టవలెనని, ఎవడైనను అక్కడనుండి పడినయెడల రక్తదోషము ఆ ఇంటిమీదికి వచ్చునని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. ఆ కాలమున డాబా మీదనే జనులు పండుకొనేవారు, గింజలు ఆరబోసేవారు, మాటలాడుకొనేవారు. గమనించుడి: ఇంటివాడు ఎవనిని త్రోయలేదు. పడినవాడు అజాగ్రత్తగా నడిచెనేమో అని వాక్యము విచారించుట లేదు. కట్టవలసినది కట్టకపోవుటయే దోషము. ఎవడును పడకముందే కట్టవలెను. పడిన తరువాత ఇచ్చు నష్టపరిహారము పిట్టగోడ కాదు.

ఇక్కడ మా సంగతి దాచుట తగదు. బోధకవృత్తిలో ఉన్న దినములలో మేము ఈ నగరములో చిన్న స్థలము కొని, రెండంతస్తులకు ప్లాను తీసికొని ఇల్లు కట్టుకొన్నాము. విరమణ తరువాత అద్దె వచ్చునని మూడవ అంతస్తు లేపాము. "అయ్యగారూ, ఈ పిల్లర్లు రెండంతస్తులకే వేసినవండీ" అని మేస్త్రి చెప్పాడు. వీధిలో అందరు కట్టుచున్నారు గదా అని మేము బదులు చెప్పాము. ఇద్దరు చిన్నపిల్లలున్న ఒక కుటుంబమును ఆ పైవాటాలో ఉంచాము. ఆ అద్దెలో దశమభాగము తీసి, కవరులో పెట్టి, దేవుని పళ్లెములో వేశాము కూడా.

బాబుసాపాళ్య వార్త చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పైన ఆ పిల్లలు పరుగెత్తుచున్న చప్పుడు వినబడుచునే ఉన్నది. ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి చూపించాము. పైన ఉన్న పెద్ద నీళ్ల ట్యాంకు దింపవలెను, పై అంతస్తు ఖాళీ చేయించవలెను అని ఆయన చెప్పాడు. అప్పుడు రెండవ ప్రశ్న ఎదురైనది. మన తప్పును దిద్దుకొనుటకు ఆ కుటుంబమును వీధిలోనికి పంపుదుమా? ప్రార్థించి, క్రింది భాగములో రెండు గదులు వారికిచ్చి, వేరే ఇల్లు దొరకువరకు మూడు నెలలు అద్దె లేకుండ ఉంచాము. ఇది గొప్ప కొరకు వ్రాయుట లేదు. మేస్త్రి చెప్పిన దినముననే విన్నయెడల ఆ మూడు నెలలు అవసరమే ఉండెడివి కావు.

ఇప్పుడు రెండవ భాగమునకు వత్తము. పొలములో ఒకడు చంపబడి పడియుండగా, చంపినవాడెవడో తెలియనియెడల ఏమి చేయవలెను? పెద్దలును న్యాయాధిపతులును బయటికి వచ్చి, ఆ శవము నుండి చుట్టునున్న ఊళ్లవరకు కొలవవలెను. ఏ ఊరు దగ్గరయో ఆ ఊరి పెద్దలు ముందుకు రావలెను. ఏటి లోయలో పెయ్య మెడ విరుగదీసి, దానిమీద చేతులు కడుగుకొని, తమ చేతులు ఆ రక్తమును చిందింపలేదనియు, తమ కన్నులు దానిని చూడలేదనియు దేవుని యెదుట చెప్పవలెను. హంతకుడు దొరకలేదని ఫైలు మూయుటకు వీలులేదు. చనిపోయినవాడు పరదేశియా, స్వదేశియా అని విచారణ లేదు. కొలత వేయవలసినది అధికారము గలవారే, లెక్క చెప్పవలసినదియు వారే.

ప్రియులారా, నోటీసు అనగా ఏమిటి? మేము చూచాము అని అధికారి తన చేతితో వ్రాసి సంతకము చేసిన సాక్ష్యము. చూచి, వ్రాసి, ఆపక ఊరకుండినవాడు తన కన్నులు చూడలేదని ఏ ఏటిలో చేతులు కడుగుకొనగలడు? పిలాతు కూడ చేతులు కడుగుకొన్నాడు. విడుదల చేయు అధికారము చేతిలో ఉండగా కడుగుకొన్నాడు గనుక ఆ నీళ్లు అతనిని శుద్ధి చేయలేదు.

ఇల్లు కట్టినది ప్రభుత్వమే అయినప్పుడు ఏమి? కోరమంగళ ప్రక్కనున్న ఈజీపురలో బీదవారి కొరకు నగర పాలికె క్వార్టర్లు కట్టించినది. అవి నిలువలేదు. 2007లో ఒక బ్లాకు కూలినది. భద్రత లేదని తక్కిన బ్లాకులను పడగొట్టారు. జనులు అక్కడే రేకుల షెడ్లలో ఉన్నారు. ఆ స్థలములో కొంత భాగమున బీదలకు ఇండ్లు, కొంత భాగమున వ్యాపార సముదాయము కట్టుటకు ఒక ప్రైవేటు సంస్థతో ఒప్పందము జరిగినది. 2013 జనవరిలో ఆ షెడ్లను కూడ తొలగించారు. వెయ్యికి పైగా కుటుంబములు గూడు పోగొట్టుకొన్నవి. అనేకులు పసిపిల్లలతో ఆ ప్రక్కనే ఫుట్‌పాతు మీద ఉండిపోయారు. బలహీనమైన గోడ కట్టుట ఒక తప్పు. ఆ గోడ బలహీనమని చెప్పి అందులోనివారిని వీధిలో వేయుట రెండవ తప్పు. మొదటి తప్పు చేసినవాడే రెండవది కూడ చేసి, దానికి భద్రత అని పేరు పెట్టకూడదు. యెహోయాకీము అన్యాయముగా మేడలు కట్టుకొన్నప్పుడు, దీనుల పక్షమున న్యాయము జరిగించుటయే దేవుని ఎరుగుట అని యిర్మీయా అతనికి తండ్రియైన యోషీయాను గుర్తుచేశాడు (యిర్మీయా 22:13-17).

న్యాయస్థానములు కూడ ఈ కొలతను వేసినవి. ఫుట్‌పాతు మీద నివసించువారి బ్రతుకుతెరువు కూడ జీవించు హక్కులోనిదేనని 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. పెద్ద నగరములలో ప్రతి లక్ష జనాభాకు ఒక ఆశ్రయ గృహము చొప్పున ఏర్పాటు చేయవలెనని 2010లో ఆదేశించినది. 2011 జనాభా లెక్కలలో మన నగర పాలికె పరిధిలో 84 లక్షలమంది ఉన్నారు. అనగా ఎనభైకి పైగా ఆశ్రయములుండవలెను. మీ ఇంటికి దగ్గరనున్నది ఏ వీధిలో ఉన్నదో మీరు చెప్పగలరా? 2024 నవంబరు 13న, కనీసము పదునైదు దినముల నోటీసు లేకుండ ఇండ్లు కూల్చరాదనియు, ఆజ్ఞ మీరిన అధికారులే తమ సొమ్ముతో నష్టమును పూడ్చవలెననియు ఆ న్యాయస్థానమే తీర్పు చెప్పినది. అదే సంవత్సరము డిసెంబరు 17న, అనుమతి లేని కట్టడములను చూచీ చూడనట్లు విడిచిన అధికారుల మీద చర్య తీసికొనవలెనని చెప్పినది.

2025 సెప్టెంబరులో పాత పాలికె స్థానమున అయిదు నగర పాలికెలు, వాటి పైన గ్రేటర్ బెంగళూరు అథారిటీ వచ్చినవి. "ఇది మా హద్దు కాదు" అను మాట ఇక మరి సులభముగా వినబడవచ్చును. మోషే కాలమునను శవము ఊళ్ల మధ్యనే పడియున్నది. అందుచేతనే దేవుడు కొలువుడని ఆజ్ఞాపించాడు. హద్దులు మారినంత మాత్రమున రక్తము ఆవిరి కాదు.

రాజకీయము మనకెందుకు, సువార్త చాలదా అని కొందరు అడుగుదురు. తెలుగు బాప్టిస్టులమైన మనము ఈ ప్రశ్న అడుగుటకు ముందు ఒంగోలును జ్ఞాపకము చేసికొనవలెను. 1876-78 గొప్ప కరువులో జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును ప్రభుత్వము నుండి కాంట్రాక్టు తీసికొన్నారు. ఆయన యౌవనమున సర్వే పని చేసినవారు, కొలత తెలిసినవారు. ఆకలితో వచ్చినవారికి పని, కూలి, తల దాచుకొన గుడిసెలు ఏర్పాటు చేశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మనకందరికి కంఠతా వచ్చును. ఆ నీళ్లకు ముందు ఆ మట్టి పని ఉన్నదని మరువవద్దు.

కాబట్టి మనము చేయదగినవి మూడు మనవి చేయుచున్నాము.

మొదటిది, మనలో అద్దెకిచ్చువారు, పీజీ హాస్టళ్లు నడుపువారు తమ కట్టడమును అర్హుడైన ఇంజనీరుకు చూపించి, ఆయన చెప్పినది చేయవలెను. ప్రార్థనా మందిరము, దాని మీది గదులు కూడ ఇందులో చేరును. దేవుని మందిరమని చెప్పి ప్లాను మీరుటకు మనకు సెలవు లేదు.

రెండవది, మన సంఘములలో ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు, పాలికె ఉద్యోగులు ఉన్నారు. సహోదరులారా, మీ సంతకము మీ సాక్ష్యము. మీరు ఆదివారము చెప్పు సాక్ష్యమునకంటె సోమవారము పెట్టు సంతకమును దేవుడు తక్కువగా చూడడు.

మూడవది, ప్రతి సంఘము తన చుట్టు కొలత వేయవలెను. 2005 సమాచార హక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో ఒక అర్జీ పెట్టవచ్చును. ముప్పది దినములలో జవాబు ఇయ్యవలెను. మన వార్డులో ఎన్ని కట్టడములకు నోటీసులిచ్చారు, ఎన్నిటిని ఆపారు, ఖాళీ చేయించినవారిని ఎక్కడ ఉంచారు, ఆశ్రయ గృహము ఎక్కడ ఉన్నది అని మర్యాదగా అడుగుదము. జవాబు రాకపోయినయెడల మరల అడుగుదము. అన్యాయస్థుడైన న్యాయాధిపతి యొద్దకు విధవరాలు మాటిమాటికి వెళ్లినది కదా! జవాబు వచ్చువరకు, వాన రాత్రులలో మన మందిరపు హాలు తలుపు తీసియుంచుదము. దిక్కులేని బీదను ఇంట చేర్చుకొనుటయే తనకు ఇష్టమైన ఉపవాసమని దేవుడు యెషయా ద్వారా చెప్పాడు (యెషయా 58:7).

మనుష్యకుమారునికి తల వాల్చుకొనుటకు చోటు లేకపోయెను. ఆయన మన యొద్దకు మరల వచ్చి, పైవాటాలో పండుకొన్నవానిని గూర్చి, ఫుట్‌పాతు మీద పండుకొన్నవానిని గూర్చి అడుగును. ఆ దినమున మా కన్నులు చూడలేదని చెప్పలేము. చూచాము. ఇప్పుడే పిట్టగోడ కట్టుదము.

ప్రభువు మన ఏలికలకు భయమును, మనకు మారుమనస్సును, ఇల్లు లేనివారికి గూడును దయచేయునుగాక. ఆమేన్.