కప్పుటయా, విప్పుటయా?

ధ్యానమునకు వాక్యభాగములు: ఆదికాండము 9:20–27, మార్కు 2:1–12



హైదరాబాదునుండి మన జహీరాబాదు మీదుగా ముంబయి వైపు పోవు జాతీయ రహదారి 65 మనకందరికి తెలిసినదే. చెరకు ట్రాక్టర్లు, లారీలు, బస్సులు, వాటి మధ్య సందు చూచుకొని పోవు మోటారు సైకిళ్లు రాత్రింబగళ్లు ఆ దారిని నిండియుండును. 2022వ సంవత్సరమున మన దేశములో 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగెననియు, 1,68,491 మంది మరణించిరనియు, 4,43,366 మంది గాయపడిరనియు కేంద్ర ప్రభుత్వము లెక్క చెప్పినది. మరణించినవారికొరకు సంఘము కూడి ఏడ్చును. కాలు విరిగినవానిని చూడబోవును. అయితే గాయపడినవారిలో కొందరు తమ కాళ్లమీద తామే నడిచి యింటికి వచ్చెదరు. వారి గాయము ఎవరి కంటికిని కనబడదు. కొన్ని నెలలు గడచిన తరువాత భార్యకు మాత్రము తెలియును. నేడు ఆ భార్యనుగూర్చి ఆలోచింతము.

ఒక యింటిని మనస్సులో ఉంచుకొందము. పేరు అక్కరలేదు, ఇట్టి యిల్లు ఏ సంఘములోనైనను ఉండవచ్చును. భర్త రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చుచు బండిమీదనుండి పడెను. హెల్మెట్ బండికి వ్రేలాడుచుండెనే గాని తలకు లేదు. కొంతసేపు తెలివి తప్పెను. నుదుట ఏడు కుట్లు పడెను. రెండవ దినమున ఇంటికి పంపివేసిరి. బంధువులు వచ్చి, "దేవుని దయ, ఏం కాలేదు" అనిరి. కృతజ్ఞత కూటము కూడ జరిగెను.

ఆరు నెలలు గడచెను. పిల్లల అల్లరికి నవ్వెడివాడు ఇప్పుడు గిన్నె క్రిందపడిన చప్పుడుకే మండిపడుచున్నాడు. విన్నమాట మరచిపోయి, నీవు చెప్పనే లేదని వాదించుచున్నాడు. జీతము చేతికి రాగానే అక్కరలేని వస్తువులు కొని తెచ్చుచున్నాడు. పొయ్యిమీద పాలు మాడి ఇల్లంతయు కమురు వాసన నిండినను అతనికి తెలియదు. మునుపు తల్లికి కొద్దిపాటి జ్వరము వచ్చినను నిలువలేనివాడు, ఇప్పుడు ఆమె మంచము పట్టినను టి.వి. చూచుచు కూర్చున్నాడు. "ఏమైందయ్యా నీకు?" అని భార్య అడిగినయెడల, "నాకేమైంది? నీకే ఏమో అయింది" అనును. అతడు అబద్ధమాడుట లేదు. తనలో వచ్చిన మార్పు అతనికి నిజముగా కనబడుట లేదు.

ఇరుగుపొరుగువారు తలకొక మాట చెప్పుదురు. త్రాగుచున్నాడని ఒకరు, ఎవరో ఏదో చేయించిరని ఒకరు, దయ్యమని ఒకరు. కోడలి నోరు మంచిది కాదని అత్త అనును. ఆ సహోదరి ఇవన్నియు విని ఊరకుండును. ఆమెకు ఒక అనుమానమున్నది. ఇది ఆ రాత్రి తగిలిన దెబ్బ వలన వచ్చినదేమో? అయినను వైద్యునియొద్దకు పోయి, "నా భర్త మునుపటివాడు కాడు" అని చెప్పుటకు ఆమె మనస్సాక్షి ఒప్పుకొనదు. ఇంటిగుట్టు లంకకు చేటని పెద్దలు చెప్పలేదా? భర్త లోపమును పరాయివాని యెదుట చెప్పుట ద్రోహము కాదా? మనము విచారింపవలసిన ప్రశ్న యిదే.

మొదటి వాక్యభాగమును చూడుడి. నోవహు మత్తుడై గుడారములో వస్త్రహీనుడుగా పడియుండెను. ఒక కుమారుడు చూచి, బయటికి పోయి చెప్పెను. మిగిలిన యిద్దరు వస్త్రము తీసికొని, వెనుకకు నడిచి, తండ్రిని చూడకయే అతని కప్పిరి. మన సహోదరి ఈ యిద్దరివలె ఉండగోరుచున్నది. ఆమె కోరిక మంచిదే.

రెండవ వాక్యభాగములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చిరి. జనులు గుంపుకూడి యున్నందున ద్వారమున చోటు లేకపోయెను. అంతట వారు ఆ యింటి కప్పునే విప్పి, రోగిని మంచముతో ప్రభువు ఎదుటికి దించిరి. ఆ మనుష్యుని దుర్బలత అందరి కన్నుల ఎదుట బయలుపడెను. అయినను ప్రభువు వారిని గద్దింపలేదు. వారి విశ్వాసమును చూచెను.

ఒకచోట కప్పినవారు మెచ్చుకొనబడిరి, మరియొకచోట విప్పినవారు మెచ్చుకొనబడిరి. ఈ రెంటికి విరోధము లేదు. వినోదమునకు చెప్పినది పాపము, బాగుపడుటకై చూపినది ప్రేమ. వీధి యెదుట కప్పవలెను, వైద్యుని యెదుట విప్పవలెను. అయితే మన యిండ్లలో తరచుగా దీనికి తారుమారు జరుగుచున్నది. బావియొద్దను బస్టాండునొద్దను అంతయు చెప్పుకొందుము గాని, వైద్యుడు అడిగినప్పుడు "అంత బాగానే ఉన్నది సార్, తలనొప్పి ఒక్కటే" అందుము.

దెబ్బ తగిలినంత మాత్రమున మనుష్యుని గుణము మారునా అని కొందరు అడుగవచ్చును. మారవచ్చును. వేగముగా పోవు తల హఠాత్తుగా ఆగినప్పుడు, పుర్రెలోని మెదడు ఆగక కదలి, లోపలి గరుకైన ఎముకకు ఒరసికొనును. నుదుటి వెనుకనున్న భాగము ఎక్కువగా దెబ్బతినును. కోపమును అణచుకొనుట, ముందు వెనుకలు ఆలోచించుట, ఎదుటివాని బాధ గ్రహించుట, ఈ పనులకు ఆ భాగము ముఖ్యము. దాని క్రిందుగానే వాసనను తెలుపు సన్నని నరములున్నవి. అవి తెగినయెడల మాడిన పాల వాసన తెలియదు. కాబట్టి ఆ సహోదరి వంటగదిలో చూచినది చిన్న సంగతి కాదు. వైద్యునికి చెప్పదగిన గుర్తు.

1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రమున ఫినియస్ గేజ్ అను రైలుమార్గపు మేస్త్రీ బండను పేల్చుటకు మందు కూరుచుండగా అది పేలి, దాదాపు మూడున్నర అడుగుల ఇనుప కడ్డీ అతని ఎడమ చెంపలో దూరి నడినెత్తిన బయటికి వచ్చెను. అతడు బ్రతికెను, మాటలాడెను, నడిచెను. కాని శాంతుడును పనిమంతుడునైనవాడు బూతులాడువాడును నిలకడ లేనివాడును ఆయెనని చికిత్స చేసిన డాక్టరు హార్లో 1868లో వ్రాసెను. ఈ కథను చెప్పువారు తరచుగా ఇక్కడనే ఆపుదురు. ఆ గేజే 1852లో చిలీ దేశమునకు పోయి, సుమారు ఏడేండ్లు అక్కడ గుఱ్ఱపు బండ్ల పని చేసి, తన కష్టముతో తాను బ్రతికెను. అతని గుణములో వచ్చిన మార్పు ఎంతకాలము నిలిచెనో పండితులు నేటికిని చర్చించుచున్నారు. దెబ్బ మనుష్యుని మార్చుననుటకు అతడు సాక్షి. మారినవాని కథ అంతటితో ముగియదనుటకును అతడే సాక్షి.

ఇంతగా ఎందుకు చెప్పుచున్నామనగా, పేరు తెలియని రోగమునకు మనము తీర్పు అను పేరు పెట్టుదుము. యాజకుడైన ఏలీ హన్నాను చూచెను. పెదవులు కదలుచున్నవి, స్వరము వినబడుట లేదు. వెంటనే ఆమె మత్తురాలని అనుకొనెను. దేవుని మందిరములో పెద్దవాడే పొరబడెను! తలకు దెబ్బ తగిలి తూలుచు ముద్దమాట పలుకువానిని త్రాగుబోతని తలంచుట ఎంత సులభమో చూడుడి. పుట్టు గ్రుడ్డివానినిగూర్చి శిష్యులు, ఎవడు పాపము చేసెనని అడిగిరి. ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసెను. నిర్దోషిమీద దోషము మోపకుండుటకే మొదట నిజము వెదకవలెను. భర్త రోగమునకు పేరు వెదకు భార్య అతనిమీద నేరము మోపుటలేదు. లోకము మోపిన నేరమును విచారణకు తెచ్చుచున్నది.

ఇక వైద్యుని యెదుట విప్పుట ఎట్లు? మొదట, పడిన తేదీ, తెలివి తప్పినంత సేపు, వాంతులు, ఫిట్లు, అప్పటి కాగితములు, ఇవన్నియు ఒక సంచిలో ఉంచవలెను. మార్పులను ఒక నోటు పుస్తకములో తేదీ వేసి వ్రాయవలెను. "చాలా కోపము" అని కాక, ఫలాని దినమున ఏమి జరిగెను, ఎంతసేపు ఉండెను అని వ్రాయవలెను. మేలు కనబడిన దినములను కూడ విడువరాదు. లేవీయకాండము 13వ అధ్యాయములో యాజకుడు మచ్చను చూచిన వెంటనే తీర్పు చెప్పక, సందేహమైనచో ఏడు దినములు ఆగి మరల చూడవలెనని ధర్మశాస్త్రము నియమించినది. మంచి వైద్యుడును ఆలాగే చేయును. త్రాగుడు, నిద్రలేమి, క్రుంగుదల, థైరాయిడ్, మూర్ఛ, ఇవన్నియు ఇట్టి మార్పునే తేవచ్చును గనుక ఒక్కొక్కటిగా విచారించును.

అయితే తలనొప్పి దినదినము హెచ్చుట, మరల మరల వాంతులు, మత్తుగా పడియుండుట, ఫిట్లు, ఒక ప్రక్క చేయి కాలు పట్టు తప్పుట, ఇవి కనబడినయెడల ఏడు దినములు కాదు, ఒక గంటయు ఆగరాదు. చిన్న దెబ్బ తగిలిన కొన్ని వారములకు, ముఖ్యముగా వృద్ధులలోను త్రాగువారిలోను, పుర్రె లోపల రక్తము మెల్లగా చేరుట కలదు. చిన్న రంధ్రము చేసి దానిని తీసివేసినయెడల అనేకులు బాగుపడుదురు.

సి.టి. స్కాన్ బాగుండినంత మాత్రమున దెబ్బ లేదనరాదు. సన్నని నరముల పోగులు సాగి తెగినను ఆ చిత్రములో కనబడకపోవచ్చును. ఎం.ఆర్.ఐ. మరికొంత చూపును. జ్ఞాపకమును, శ్రద్ధను, ఆలోచనను కొలుచు పరీక్షలు వేరుగా కలవు. హైదరాబాదులో నిమ్స్, బెంగళూరులో నిమ్హాన్స్ ఇట్టి పనికి పేరుపొందినవి. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1949లో డాక్టరు జేకబ్ చాండీ మన దేశములో మొట్టమొదటి మెదడు శస్త్రచికిత్స విభాగమును ప్రారంభించెను. మెదడు కూడ మోకాలివలె వైద్యము పొందదగిన అవయవమని మన పెద్దలు అప్పుడే ఒప్పుకొనిరి.

మూడు హెచ్చరికలు చెప్పవలసియున్నవి. ఒకటి, భర్తను మోసగించి తీసికొనిపోరాదు. అన్నములో మందు కలుపరాదు. "నీ తలనొప్పికొరకు పోదము, నేను చూచినది కూడ డాక్టరుకు చెప్పెదను" అని నిజము చెప్పవలెను. ఒప్పుకొననియెడల అతడు గౌరవించు అన్నచేతనో మామచేతనో చెప్పించవలెను.

రెండు, దొరికిన పేరును ఆయుధముగా చేయరాదు. క్రైస్తవులకు వర్తించు 1869 నాటి విడాకుల చట్టము 2001లో సవరింపబడినప్పుడు, బాగుకాని మతిచాంచల్యము రెండేండ్లు ఎడతెగక యుండుట విడాకులకు ఒక కారణముగా చేర్చబడినది. తలగాయమంతయు మతిచాంచల్యము కాదు. అయినను కాగితము చేతికి రాగానే ఆస్తినిగూర్చి మాటలాడు బంధువులుందురు. బండి చక్రములో చీరకొంగు చిక్కుకొని పడినది భార్యయైనచో, ఆమెను పుట్టింటికి పంపుటకు ఎంతమంది త్వరపడుదురో మనమెరుగుదుము. పెండ్లినాడు రోగమందును ఆరోగ్యమందును అని ఇద్దరును పలికిరి గాని ఒక్కరే పలుకలేదు.

మూడు, గాయము కోపమునకు కారణమును తెలుపును గాని దెబ్బలు తినుటకు ఆజ్ఞ ఇయ్యదు. చేయి లేచినయెడల పిల్లలను తీసికొని క్షేమమైన చోటికి పోవుట భార్యకు తప్పు కాదు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టము ఆమెకును వర్తించును. రోగినుండి తప్పించుకొనుట రోగిని విడిచిపెట్టుట కాదు. చేయరాని పాపమునుండి అతనిని కాపాడుటయు ప్రేమయే.

ఇంత చేసినను కొన్నిసార్లు వైద్యులు "కావచ్చును" అనియే చెప్పుదురు. ఇది గాయమో స్వభావమో తేలదు. అప్పుడు ఆ సహోదరి తెలియని దానితోనే జీవింపవలెను. అది కష్టమైన కాడి. అయితే ఆమె వెదకినది వ్యర్థము కాదు. పేరు దొరకకపోయినను తొందరపాటు తీర్పు తొలగెను. చప్పుడు తగ్గించుట, ఒక్కసారి ఒక్కమాటయే చెప్పుట, గోడమీద పనుల పట్టిక అంటించుట, నిద్రకు వేళ పాటించుట, జీతపు డబ్బు ఇద్దరును కలిసి లెక్క చూచుట, ఇవి పేరు లేకున్నను మేలు చేయును.

చివరగా సంఘమునకొక మాట. ఆ పక్షవాయువు గలవానిని నలుగురు మోసిరి. మన సహోదరి ఒంటరిగా మంచపు నాలుగు కోళ్లను మోయుచున్నది. "ప్రార్థన చేయుచున్నామమ్మా" అని చెప్పువారు అనేకులు. హైదరాబాదు బస్సులో ఆమె ప్రక్కన కూర్చుండువాడెవడు? దవాఖానాలో చీటీకొరకు వరుసలో నిలుచువాడెవడు? ఆ దినమున పిల్లలకు అన్నము పెట్టు యిల్లేది? వీధిలో అతనినిగూర్చి మాట వచ్చినప్పుడు వస్త్రము తీసికొని వెనుకకు నడుచువాడెవడు?

వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత చెప్పులు వేసికొని త్వరపడి వెళ్లకుడి. ఎవరైన ఒక సహోదరి చెట్టుక్రింద వేచియుండి, "మా ఆయన సంగతి కొంచెం చెప్పాలి" అనవచ్చును. వినుడి. విన్నదానిని కప్పుడి. తరువాత మీరును మంచపు కోడు ఒకటి పట్టుకొనుడి.