రేకల లోపలి పూలు

కర్నూలు, కడప ఎండల్లో పెరటికి రంగు తెచ్చే మొక్కలు ఎక్కువేమీ లేవు. కాగితంపూలు, గన్నేరు, బిళ్లగన్నేరు ఉండనే ఉన్నాయి. వాటి పక్కన జనవరి చివర్లో నాలుగు పొద్దుతిరుగుడు గింజలు కూడా నాటమంటాను. రెండు నెలలకు, ఉగాది దరిదాపుల్లో, నల్లని నడిమి చుట్టూ పసుపు రేకలతో విప్పారుతాయి. వేసవి రంగు కోసం అమెరికాలో పెంచే బ్లాక్ ఐడ్ సూసన్ దీనికి చుట్టమే, రెండిటిదీ చామంతి కుటుంబం. నంద్యాల నల్లరేగడిలో పొద్దుతిరుగుడు పంట. సాధకుడి పెరట్లో అయితే అది పాఠం.

మనం ఒక పువ్వనుకునేది నిజానికి వందల పూల గుంపు. చుట్టూ ఉన్న ఒక్కో పసుపు రేక ఒక్కో పువ్వు, కానీ గింజ కట్టదు. గింజ కట్టేవి నడుమ నల్లగా ఇరుక్కున్న చిన్నపూలు. అవి అంచు నుంచి మొదలై, రోజుకు కొన్ని వరుసలుగా లోపలికి విచ్చుకుంటూ పోతాయి. నట్టనడుమది ఆఖరున.

ఇంద్రియాల వాకిళ్లు బయటికే తెరిచి ఉన్నాయనీ, ధీరుడెవరో ఒకడే చూపును లోపలికి మళ్లించుకున్నాడనీ కఠోపనిషత్తు చెబుతుంది. అది విన్నవాళ్లు చాలామంది మొదట చేసే పని రేకలు పీకేయడం. తీపి తినను, పాట వినను, నలుగురిలో కలవను! పువ్వు ఆ పని చేయదు. పసుపు కనబడితేనే తేనెటీగ వస్తుంది. అది రాకపోతే లోపలి గింజల్లో చాలా మటుకు తాలే. గురువు మాట లోపలికి రావలసిందీ చెవి గుండానే కదా. పూలుగా దేవుడికి అర్పించమన్న ఎనిమిది గుణాల్లో, అంటే అష్టపుష్పాల్లో, అహింస తర్వాత ఇంద్రియనిగ్రహాన్ని చెప్పారు. నిగ్రహాన్ని కూడా పువ్వుల్లో చేర్చిన ఆ పెద్దలకు అది పూయవలసిందే తప్ప తుంచితే వచ్చేది కాదని తెలుసు.

ఇక ఆ తిరుగుడు సంగతి. లేత మొగ్గ పగలంతా సూర్యుడి వెంట పడమటికి తిరిగి, రాత్రికి మళ్లీ తూర్పుకు వస్తుంది. కాడ ఎదుగుతున్నంత కాలమే ఇది. విచ్చుకున్నాక తూర్పు ముఖంగా నిలిచిపోతుంది, పొద్దున్నే వేడెక్కుతుంది, తేనెటీగలు దాని దగ్గరికే ఎక్కువగా వస్తాయి. అందుకే క్షేత్రాలూ గురువులూ మారుస్తూ తిరిగేవాళ్లను నేను ఎగతాళి చేయను. వీరబ్రహ్మేంద్రస్వామి కూడా బనగానపల్లెలో పశువులు కాచి, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాసి, ఆ తర్వాతే కందిమల్లాయపల్లెలో స్థిరపడ్డారని చెబుతారు.

పూత ముగిశాక రేకలు వాటంతటవే వాడిపోతాయి. చూడ్డానికి ఇంకేమీ లేదని అప్పుడే చాలామంది నీళ్లు మానేస్తారు. ధ్యానంలో తొలిరోజుల తీపి తగ్గగానే ఆసనం మడిచేవాళ్లదీ ఇదే లెక్క. గింజ నిండేది సరిగ్గా ఆ రంగు లేని రోజుల్లోనే. ట్యాంకరు నీళ్లు కొనుక్కునే ఇంట్లో అయినా సరే, పొద్దుగూకే వేళ మొక్క మొదట్లో తడి తగ్గకుండా చూడాలి. పువ్వు వెనకభాగం ఆకుపచ్చ పోయి పసుపుకు తిరిగాక ఆపేయవచ్చు. ఈలోగా చిలుకలు పసిగడతాయి, ఓ పాత చీరముక్క కట్టి ఉంచండి.