పన్నెండేళ్ల లోపు

ఆదివారం రాత్రికి పేజీలు ప్రెస్సుకు వెళ్లాలని సంచిక చూస్తున్న అక్క ఫోను మీద ఫోను చేస్తోంది. నాకిచ్చిన విషయం ‘మన పిల్లలు, మన విలువలు’. అదే వారం కమిటీ నుంచి ఇంకో కబురు వచ్చింది. గణతంత్ర దినోత్సవం వారాంతంలో తెలుగు బడి పిల్లలందరికీ హాల్లో ‘మేజర్’ సినిమా వేద్దామనుకుంటున్నారట. చిన్న తరగతి చెప్పేది నేనే గనక, ఆ సినిమా చిన్నవాళ్లకు పనికొస్తుందో లేదో మరోసారి చూసి చెప్పమన్నారు. అలా రెండు పనులూ ఒకటే అయ్యాయి. రెండు వైపులా సమంగా తూచి రాయాలనే మొదలుపెడుతున్నాను.

‘మేజర్’ చూడనివాళ్లు మనలో తక్కువే. 2008 నవంబరులో ముంబయి తాజ్ హోటల్లో ప్రాణాలిచ్చిన మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ కథ అది. శశికిరణ్ తిక్క తీశారు, అడివి శేష్ నటించారు. శేష్ తమలాగే అమెరికాలో పెరిగాడని మా బడి పిల్లలు గర్వంగా చెప్పుకుంటారు. 2022 జూన్ 3న ఆ సినిమా విడుదలైనప్పుడు మేము వేసవి సెలవులకు నరసరావుపేటలో, నాన్న దగ్గర ఉన్నాం. మా అబ్బాయికి అప్పుడు తొమ్మిదేళ్లు. అన్నయ్య కొడుక్కీ తొమ్మిదే. మూడేళ్ల పాపను అమ్మ దగ్గర వదిలి, రెండో రోజు సాయంత్రం ఆటకు అందరం కలిసి వెళ్లాం.

మొదటి సగం చూస్తున్నంతసేపూ పిల్లల్ని తీసుకొచ్చి మంచి పని చేశాననుకున్నాను. యూనిఫాం కనపడితే కళ్లు మెరిసే కుర్రాడు, కొడుకు సైన్యంలోకి వెళ్తానంటే గుండె జారిపోయే తల్లి, లోపల ఎంత ఉన్నా పైకి తేలని తండ్రి. రేవతి, ప్రకాష్‌రాజ్ ఆ ఇద్దరినీ మన ఇళ్లలోని మనుషుల్లాగే చేశారు. తర్వాత పుణె దగ్గర ఖడక్వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ. నిజంగా కూడా సందీప్ 1995లో అక్కడ చేరాడు. అక్కడ మూడేళ్లు, ఆ తర్వాత డెహ్రాడూన్‌లో శిక్షణ ముగించుకుని 1999లో బీహార్ రెజిమెంటులో అధికారి అయ్యాడు. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు. మన పిల్లలు డార్మ్ నుంచి ఉతకని బట్టల మూట ఇంటికి తెచ్చే వయసది. తెల్లవారుజామునే లేవడం, తన మంచం తను సర్దుకోవడం, పక్కవాడు పడిపోతే చెయ్యి అందించడం, తప్పు ఒకడిదైనా శిక్ష అందరూ పంచుకోవడం. మనం శనివారం పొద్దున్నే గొంతు చించుకుని చెప్పేవన్నీ అకాడమీ జీవితంలో ఎవరూ ఉపన్యాసం చెప్పకుండానే అలవాటవుతాయి. ఈ భాగం ఏడేళ్ల పాపకైనా చూపించవచ్చు. మొన్న మా పాప చూసి, “అమ్మాయిలు లేరేం అక్కడ?” అంది. 2022 నుంచి అమ్మాయిల్నీ చేర్చుకుంటున్నారనీ, మొదటి జట్టులో 17 మంది 2025 మేలో శిక్షణ ముగించి బయటికొచ్చారనీ చెప్పాను. ఆ రోజంతా ఇంట్లో కవాతే.

ఇబ్బంది రెండో సగంతో వచ్చింది.

తాజ్ లోపలి వసారాలు. తుపాకులు పట్టుకుని గది గదికీ తిరిగే మనుషులు. మంచాల వెనకా, బల్లల కిందా ఊపిరి బిగబట్టి దాక్కున్నవాళ్లు. కమాండోలు లోపలికి దిగగానే పేట హాల్లో ఈలలు మొదలయ్యాయి. అన్నయ్య కొడుకు సీటు మీద నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. మావాడు మాత్రం రెండు కాళ్లూ సీటు మీదికి ముడుచుకుని నా చెవి దగ్గరికొచ్చాడు. “అమ్మా, వీళ్లు డ్రిల్ చెయ్యలేదా? ముందు లైట్లు ఆర్పాలి. తలుపుకి బల్ల అడ్డం పెట్టాలి. ఫోన్ సైలెంట్‌లో పెట్టాలి. ఆ ఆంటీ ఏడవకూడదమ్మా, వాళ్లకి వినపడుతుంది.”

వాడు సినిమా గురించి మాట్లాడటం లేదని తెలియడానికి నాకు కాస్త సేపు పట్టింది. తుపాకీతో ఎవరైనా బళ్లోకి వస్తే ఎలా దాక్కోవాలో నేర్పే డ్రిల్లులో, కిండర్‌గార్టెన్ నుంచి ఏడాదికి ఎన్నిసార్లు చీకటి గదిలో, గోడవారగా, టీచర్ పక్కన నోరు మూసుకుని కూర్చున్నాడో ఆ పాఠం ఒప్పజెబుతున్నాడు. పక్కపక్క సీట్లలో ఇద్దరు పిల్లలు, ఒకే ఇంటివాళ్లు, ఒకే ఈడువాళ్లు. ఒకడికి అది ముంబయిలో ఎప్పుడో జరిగిన వీరుడి కథ. ఇంకొకడికి సెలవులయ్యాక బళ్లో మళ్లీ చేయబోయే డ్రిల్. ఆ రాత్రి మావాడు రెండుసార్లు లేచి, తాతయ్య ఇంటి తలుపుకు గడియ లోపలి నుంచి పడుతుందో లేదో చూసొచ్చాడు. మూడోసారి లేచినప్పుడు నాన్నే వాణ్ని తన మంచం మీద పడుకోబెట్టుకున్నారు.

మర్నాడు కోటప్పకొండకు వెళ్లాం. వాడి అక్షరాభ్యాసం అక్కడే, ఆ దక్షిణామూర్తి ఎదుటే జరిగింది. ఇండియా వెళ్లిన ప్రతిసారీ ఆ కొండ ఎక్కందే నాకు ఊరికి వచ్చినట్టే ఉండదు. దక్షయజ్ఞం తర్వాత శివుడు పన్నెండేళ్ల వటువుగా ఇక్కడే తపస్సు చేశాడని నాన్న వాడికి స్థలపురాణం చెబుతున్నారు. వాడు అంతా విని, “ఒక్కడేనా? కొండ మీద? తలుపు కూడా లేకుండానా?” అన్నాడు. నాన్న నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు.

కిందికి దిగేటప్పుడు మా ఇద్దరికీ వాదం వచ్చింది. నాన్న మాట్లాడితే పల్నాడు మాట్లాడినట్టే. “ఏందమ్మాయ్, పిల్లోణ్ణి అంత సుకుమారంగా పెంచితే ఎట్టా? కారెంపూడి వీరుల గుడికి నిన్ను భుజాన వేసుకుని తీసుకెళ్లా. బాలచంద్రుడు యుద్ధానికి పోయేనాటికి వాడికి మీసాలు కూడా మొలవలే. ఆ కథ వినకుండా పల్నాట్లో ఒక్క పిల్లోడన్నా పెరిగాడా? మన పేటలోనే పదేళ్ల పిల్లల్ని సైనిక స్కూలు పరీక్షకు కోచింగులో కూర్చోబెడుతున్నారు. మీకేమో సినిమా చూస్తేనే భయం.”

ఆయన మాటలో నిజముంది. 1966లో వచ్చిన ‘పల్నాటి యుద్ధం’లో బాలచంద్రుడిగా హరనాథ్ చనిపోతుంటే హాలంతా ఏడ్చిందని ఆయన ఎన్నోసార్లు చెప్పారు. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక పాఠశాలకు ఆరో తరగతిలోనే పిల్లల్ని పంపి గుండె దిటవు చేసుకునే తల్లులు మన రాష్ట్రంలో 1960ల నుంచీ ఉన్నారు. అక్కడ చదివిన సూర్యాపేట కుర్రాడే కర్నల్ సంతోష్ బాబు. 2020 జూన్‌లో గాల్వన్‌లో ప్రాణాలిచ్చి, మహావీరచక్ర పొందారు. ఆయనది కూడా సందీప్‌లాగే బీహార్ రెజిమెంటు. ఆ తల్లుల ముందు నిలబడి, మా పిల్లలు బొమ్మ చూసి బెదిరిపోతారని చెప్పుకోవడానికి నాకు నోరు రాదు.

అయినా నాన్నకు ఆ రోజు చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతాను. బాలచంద్రుడి కథ నాకు నాయనమ్మ చెప్పింది. చీకట్లోనే చెప్పింది, కానీ చెయ్యి నా తల మీద ఉంది. ఐతాంబ కొడుకును ఆపబోవడం, మాంచాల మగణ్ణి సాగనంపడం ఇప్పటికీ కళ్లకు కడతాయి. కత్తి ఎవరికి ఎక్కడ దిగిందో మాత్రం గుర్తులేదు. చెవితో విన్న కథలో నెత్తురు ఎంత ఉండాలో పసిమనసే తేల్చుకుంటుంది. తెర మీద చూసేదాంట్లో ఆ తూకం మనసు చేతిలో ఉండదు. ఎవరో ముందే తూచి, వెయ్యింతలు శబ్దం కలిపి, చీకటి హాల్లో మీద పోస్తారు.

ఇంకో సంగతి. శివరాత్రి తిరునాళ్లకు కోటప్పకొండ కింద ఆ ప్రభలు, కరెంటు దీపాలు, డప్పులు, చేదుకో కోటయ్యా అనే కేకలు, ఇసక వేస్తే రాలని జనం. ఆ హోరులో తండ్రి భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోయే పిల్లల్ని మీరూ చూసే ఉంటారు. అన్నయ్య కొడుకు అలా పెరిగాడు. పెద్ద చప్పుడంటే వాడికి పండగే. మావాడు ఇక్కడ జులై 4 బాణసంచాకు పార్కులో దుప్పటి పరవకముందే బయటికి దారి ఎటుందో చూసుకుంటాడు. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు చూసుకుంటూనే ఉంటారు. మనం అడగం, వాళ్లు చెప్పరు.

సర్టిఫికెట్ ఉంది కదా అనవచ్చు. ‘మేజర్’కి ఇచ్చింది యు/ఎ. పన్నెండేళ్ల లోపు పిల్లలైతే తల్లిదండ్రులు ఆలోచించుకోండని అప్పట్లో దాని అర్థం. 2024లో కొత్త నిబంధనలొచ్చి ఆ యు/ఎ ని ఏడు, పదమూడు, పదహారేళ్ల మెట్లుగా విడగొట్టారు. మంచిదే. కానీ పేటలో ఆ రోజు మా వెనక వరసలో చంకపిల్లలున్నారు. ఇక్కడి థియేటర్లలో మన సినిమాలు చాలావరకు ఏ రేటింగూ లేకుండానే ఆడతాయి, గురువారం రాత్రి ప్రీమియర్‌కి మనం మొత్తం కుటుంబంతో వెళ్తాం. అమెరికా అక్షరాల్ని నమ్ముకున్నా అంతే. ఒక సైనిక అకాడమీ కుర్రాళ్లు తుపాకులు పట్టి బడిని ఆక్రమించుకునే ‘టాప్స్’ అనే సినిమా 1981లో వచ్చింది. పోల్చి చూద్దామని మావారూ నేనూ పోయిన వారం చూశాం. చివరికొచ్చేసరికి పిల్లలే చచ్చిపోతారు. దానికి వేసిన ముద్ర పీజీ. పీజీ-13 అనేది 1984లో గానీ రాలేదు. అందుకే సర్టిఫికెట్ పని ఇంట్లో తల్లే చెయ్యాలంటాను.

కమిటీలో ఒక అన్నయ్య నాతో గట్టిగానే మాట్లాడారు. రోజూ ఆటల్లో వందమందిని కాలుస్తూనే ఉన్నారు కదమ్మా, దేశం కోసం ప్రాణమిచ్చినవాణ్ణి చూస్తే కందిపోతారా అన్నారు. ఆయన బాధ నాకు తెలుసు. పిల్లలు మెత్తబడుతున్నారనీ, ఎవరికీ దేనికీ కట్టుబడటం లేదనీ ఆయన భయం. అది నా భయం కూడా. కానీ ఆటలో చచ్చేవాడికి అమ్మ ఉండదు. ఈ సినిమాలో ఉంది. బెంగళూరులో ఒక ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఉంది. 2008లో ఆ మూడు రోజులూ మనమూ అలాగే కూర్చున్నాం. అది థాంక్స్‌గివింగ్ వారం, నేను ఈ దేశం వచ్చిన మొదటి ఏడాది. పొయ్యి మీద ఏదో పెట్టి మాడగొట్టడం, మళ్లీ టీవీ ముందుకు రావడం. 166 మంది పోయారు. లోపలున్న తోటివాళ్లను పైకి రావద్దని, తను చూసుకుంటానని సందీప్ చెప్పాడని తర్వాత తెలిసి, ఎవరికీ ఏమీ కాని నేను ఏడ్చాను. అంతటి మనిషిని మన పిల్లలకు పరిచయం చెయ్యకపోతే తప్పే. పరిచయం అతని ముఖంతో జరగాలి, అతన్ని చంపినవాళ్ల ముఖాలతో కాదు.

సమంగా తూస్తానని మొదలుపెట్టాను. ఇక్కడికొచ్చేసరికి నా తక్కెడ ఎటు మొగ్గిందో దాచను. పన్నెండేళ్ల లోపు పిల్లలకు హాల్లో ఈ సినిమా రెండో సగం వెయ్యకూడదు. పన్నెండు దాటినవాళ్లకు వెయ్యాలి, తప్పకుండా వెయ్యాలి, అమ్మానాన్నల్లో ఒకరు పక్కన ఉండి తీరాలి. పిల్లల్ని దింపేసి కాస్ట్‌కోకి వెళ్లి రావడం కుదరదు. చిన్నవాళ్లను విశ్రాంతి దగ్గర లేపి పక్క గదిలోకి నేను తీసుకెళ్తాను. మిగతా కథ నోటితో చెబుతాను, సందీప్‌దీ, సంతోష్ బాబుదీ. చివర ఏమైందని అడుగుతారు. అడిగినవాళ్లకు నిజమే చెబుతాను, మెల్లగా. సగం సినిమా చూపించడం అమరుడికి అవమానమన్నారొకరు. ఏడేళ్ల బిడ్డ అతని పేరు వినగానే చెవులు మూసుకునేలా చెయ్యడం అంతకన్నా అవమానమని నా నమ్మకం.

మావాడికి ఇప్పుడు పన్నెండు నిండాయి. ఈ వ్యాసం కోసం సినిమా మళ్లీ చూడాల్సి వచ్చినప్పుడు, నువ్వు వద్దంటే నేను ఒక్కదాన్నే చూసుకుంటానని వాడితో చెప్పాను. నేనూ చూస్తానన్నాడు. మొదటి సగం చిప్స్ తింటూ చూశాడు. అకాడమీలో పెట్టే శిక్షలకు నువ్వైతే రెండు రోజులు కూడా ఉండలేవని నేనంటే ఉంటానని పందెం కాశాడు. తాజ్ వచ్చింది. వసారా వచ్చింది. గదిలో చీకటిగా ఉంది, సినిమా చూసేటప్పుడు మా ఇంట్లో లైట్లు ఆర్పడం అలవాటు. వాడు ఏమీ అనలేదు. లేచి వెళ్లి లైటు వేసి, వచ్చి నాకు ఆనుకుని కూర్చున్నాడు. చివరిదాకా చూశాం. రేవతి ఏడ్చేచోట నాకన్నా ముందు వాడి కళ్లే తడిశాయి. అయ్యాక, వాళ్ల అమ్మానాన్న ఇప్పుడెలా ఉన్నారని అడిగాడు.

గణతంత్ర దినోత్సవం వారాంతంలో ఆ రోజు హాల్లో లైట్లు పూర్తిగా ఆర్పవద్దని కమిటీవాళ్లను అడిగాను. తెర సరిగ్గా కనపడదేమో అన్నారు. కనపడినంతే చాలన్నాను. సరేనన్నారు.