స్వచ్ఛంద సేవయు సంఘధర్మమును

ద్రవ్యదానమునకును కాలదానమునకును భేదమున్నది. ఇచ్చిన ధనమును మరల సంపాదింపవచ్చును; ఇచ్చిన దినము మరల రాదు. అయినను కార్మిక సంఘముల విషయమున మన చట్టము ధనమును గూర్చి చూపిన జాగ్రత్తను కాలమును గూర్చి చూపలేదు. ఇంగ్లండులో 1909లో ఆస్బోర్న్ వ్యాజ్యమున ప్రభువుల సభ, సంఘధనమును రాజకీయములకు వినియోగింపరాదని తీర్పు చెప్పెను. 1913లో పార్లమెంటు ప్రత్యేక నిధి యను మధ్యమార్గమును కల్పించినది. మన దేశమున 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టము ఆ మార్గమునే అనుసరించి, ఆ నిధికి చందా ఇమ్మని ఏ సభ్యునీ నిర్బంధింపరాదనియు, ఇయ్యనివానికి సంఘమువలన కలుగు లాభములను తప్పింపరాదనియు శాసించినది. మరి సభ్యుడు ధనమునకు బదులు తన ఆదివారమును, తన కంఠమును, తన పేరును ఇయ్యవలసి వచ్చినప్పుడు అతనికి రక్షణ యేది?

కోల్‌కతాకు తూర్పున, ఉప్పునీటి చిత్తడి నేలలను హుగ్లీ ఒండ్రుతో పూడ్చి నిర్మించిన సాల్ట్ లేక్ నగరమున ఈ ప్రశ్న రెండు రూపములు దాల్చును. అయిదవ సెక్టారు మేడలలో కంప్యూటరు ఉద్యోగి శాసనసభ్యునకు విన్నపము వ్రాయవలెనన్న ఒక సాయంకాలము చాలును. ఆ నగరపు ఇండ్లలో అంట్లు తోము పరిచారిక మంత్రి కార్యాలయమునకు పోవలెనన్న ఒకనాటి కూలి పోవును. ఒక్కొక్కప్పుడు పనియే పోవును. రెంటిని ‘స్వచ్ఛంద సేవ’ యను ఒకే మాటతో పిలుచుట న్యాయము కాదు.

ఆమె పోకుండుటయు కుదరదు. నాలుగైదు ఇండ్లలో పనిచేయు స్త్రీకి ఫ్యాక్టరీ ద్వారము లేదు. సమ్మె యెవరిమీద చేయగలదు? కనీస వేతనము, వారపు సెలవు ఆమెకు ప్రభుత్వము ద్వారానే రావలెను. గృహకార్మికులకు సంబంధించిన అంతర్జాతీయ ఒడంబడిక 2011లో వెలువడినది. భారతదేశము దానిని ఇంకను ధ్రువీకరింపలేదు. పశ్చిమ బెంగాలు పరిచారికల సమితి 2018లో కార్మిక సంఘముగా నమోదైనది. ఇట్టి సంఘమునకు రాజకీయ విజ్ఞాపనము పై పని కాదు, ప్రాణమే.

ఫలమును అందరును అనుభవింతురు గనుక శ్రమయు అందరును పంచుకొనవలెనని కొందరందురు. ఈ వాదమున సత్యము లేకపోలేదు. కాని రానివారి పేర్లను పుస్తకమునకు ఎక్కించిన నాడు కానుక కప్పమగును. పైగా బలవంతముగా తెచ్చిన సాక్షి నోట వినబడునది నాయకుని మాటయే. నిరాకరింపగల వాని మాటకే బరువుండును. 1954లో బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వము మార్చినప్పుడు కార్మికమంత్రి వి. వి. గిరి పదవిని విడిచెను. కార్మికులపక్షమున ఆయన పలికిన మాటకు ఆ త్యాగమే విలువ కట్టినది.

కావున సంఘము అడుగవచ్చును, కారణము చెప్పవచ్చును, మరల అడుగవచ్చును. కాని రాలేనన్న వానిని పక్షద్రోహి యనరాదు. ఒక విజ్ఞాపనమునకై వచ్చిన వానిని ఒక పార్టీ ఊరేగింపులో నిలుపరాదు. పేదరాలు కోల్పోయిన కూలిని సంఘనిధి భరింపవలెను. అది ఆమె సేవను కొనుట కాదు. ఇష్టముండియు రాలేని దానికి ఆ ఇష్టమును నెరవేర్చుకొను శక్తి నిచ్చుటయే. వచ్చుటకు దారియు, రాకుండుటకు స్వేచ్ఛయు సమముగా ఉన్నప్పుడే స్వచ్ఛంద మను పదము సార్థకమగును.